వీపు తట్టేదాకా

నరసరావుపేటలో పత్తి కొట్ల వెనక సందులో త్రికోటేశ్వరరావు రికార్డింగు రూము ఉండేది. రూమంటే పెద్ద హంగేం కాదు. ఒకప్పుడు పత్తి బేళ్లు వేసుకున్న రాతి కొట్టు. ఉన్న ఒక్క కిటికీని ఇటుకలతో మూయించి, గోడలకీ, పైకప్పుకీ, తలుపు లోపలి వైపుకీ పత్తి కూరిన గోతాలు వరసగా మేకులేసి బిగించాడు. రోడ్డు మీది లారీ మోత లోపలికి రాకూడదు, లోపలి పాట బయటికి పోకూడదు. కోటప్పకొండ తిరనాళ్ల పాటలు, పెళ్లి పాటలు, ఎలక్షన్లొస్తే జెండాల పాటలు, అన్నీ ఆ గోతాల మధ్యనే క్యాసెట్లకెక్కేవి.

ఆ ఎనభయ్యేడు ఎండాకాలమంతా జమాలు పగలు పగలంతా ఆ గదిలోనే కూర్చున్నాడు.

జమాలు ఇంటరులో లెక్కల మాస్టారితో గొడవ పెట్టుకుని కాలేజీ మానేశాడు. తర్వాత సైకిల్ షాపు, తర్వాత మిల్లు, ఎక్కడా కాలు నిలవలేదు. కానీ చెవి మాత్రం చెవే. సందు మొగలో బస్సు ఆగితే, ఇంట్లో పడుకునే అది మాచర్ల బస్సో వినుకొండ బస్సో చెప్పేవాడు. బిందె మీద వేలితో కొట్టి ఎక్కడ చిల్లి పడబోతందో చెప్పేవాడు. వాళ్లమ్మ మాబున్నీసా మాత్రం, ఇంత చెవి పెట్టిన దేవుడు చెప్పిన మాట అందులో దూరే దోవ పెట్టలేదే అని తిట్టేది.

కడుపుకి ఖాజా మొహిద్దీన్ బ్యాండు మేళంలో డ్రమ్ము కొట్టేవాడు. మేనెల ఎండలో ఎర్రకోటు తొడుక్కుని, పెళ్లికొడుకు గుర్రం ముందు తారు రోడ్డు మీద నడవటమంటే వాడికి చచ్చేంత చిరాకు. ఈ కోటు ఎట్టాగైనా విప్పెయ్యాలి. దానికి త్రికోటేశ్వరరావే దోవ చూపించాడు.

గుంటూరులో క్యాసెట్ల కంపెనీ ఒకటి పెళ్లి మేళం క్యాసెట్లు తియ్యాలనుకుంటంది. పాతిక మందిని బస్సెక్కించి తెచ్చి ఊదించే బదులు, ఒక్క మిషనూ ఒక్క మనిషితో అయిపోతే ఎంత సుఖం. మిషను మీద వాయించే ట్రంపెట్టుకీ మనిషి ఊదే ట్రంపెట్టుకీ తేడా తెలియకపోతే పని మనకే ఇస్తారు, ఆ వాయించేవాడివి నువ్వేరా అన్నాడు త్రికోటేశ్వరరావు. నెల జీతం. నీడపట్టున పని. ఎర్రకోటుండదు.

మద్రాసు నుంచి మూడు కీబోర్డులు తెచ్చాడు, మూడూ సెకండ్ హ్యాండువే. ఏది అసలుకి దగ్గరో జమాలు తేల్చాలి. మొదటిది తిరనాళ్లలో పిల్లకాయలు ఊదే రేకు బూర. రెండోది బస్సు హారనుకి పట్టుచీర కట్టినట్టుంది. మూడోది వేరే జాతి. మైకు ముందు ఏ చప్పుడు చేసినా మింగి ఫ్లాపీలో దాచుకుంటది, కీబోర్డు మీద మెట్టు నొక్కితే అదే చప్పుడు తిరిగి కక్కుతది. మద్రాసోళ్లు అందులో ఎవరిదో ట్రంపెట్టు పెట్టిచ్చారు. త్రికోటేశ్వరరావు వినిపించి, ఇది అసలే కదరా అన్నాడు మురిసిపోతా.

"అసలే అన్నా," అన్నాడు జమాలు. "కానీ శవానికి పౌడరు రాసినట్టుంది."

"ఏందిరా ఆ మాటలు?"

"మనిషి ఒకసారి ఊదినట్టు ఇంకోసారి ఊదలేడన్నా. ఒకసారి నాలిక గట్టిగా తగులుద్ది. ఒకసారి ఉమ్మి అడ్డం పడుద్ది. ఒకసారి పెదం ఎండిపోద్ది. ఇదేమో వందసార్లు నొక్కు, వందసార్లూ అదే."

మిషనంటే అంతేగా అని త్రికోటేశ్వరరావు నెత్తి గోక్కున్నాడు. పోనీ, మద్రాసు ఊదుడు కాకుండా మన పల్నాటి ఊదుడే అందులో పెడదాం, కనీసం పెళ్లివాసనన్నా వస్తది అన్నాడు జమాలు. ఆ ఊదేవాడు ఎవరో ఇద్దరికీ తెలుసు.

గురజాల మౌలాలీ. ఖాజా మొహిద్దీన్ మేళానికి పేరే ఆయన వల్ల వచ్చింది. జమాలుకి వరసకి మేనమామ. పుల్లలాంటి మనిషి, ఉబ్బసం. మెట్లెక్కితే రొప్పుతాడు గానీ ట్రంపెట్టు మూతికి ఆనిస్తే ఆ ఊపిరి ఎక్కడినుంచి వస్తదో ఎవరికీ అంతుబట్టదు.

ఆ మేళంలో ఒక పద్ధతుంది. పెళ్లివాళ్లు గడప ముందుకి రాగానే ట్రంపెట్టు ఆయన పంచమం మీద నిలబడాలి. జంట గడప దాటేదాకా ఆ ఒక్క స్వరం తెగకూడదు. ఊదేవాడు కళ్లు మూసుకునుంటాడు గనక ఎప్పుడు దాటారో తెలీదు. బ్యాండు మాస్టరు వెనక నిలబడి, దాటగానే వీపు మీద అరచేత్తో తడతాడు. తట్టేదాకా ఆపకూడదు. తట్టకుండా ఆగిన స్వరం ఆ ఇంటికి మంచిది కాదు, ఊదినవాడికి అసలే మంచిది కాదు అని మేళంలో అందరికీ గట్టి నమ్మకం. మౌలాలీ జన్మలో తట్టకముందు ఆపలేదు.

మౌలాలీ వచ్చాడు. చింతపండుతో తోమి తళతళలాడించిన ట్రంపెట్టు తెచ్చుకున్నాడు. ఆ గోతాల గదిలో, ఫ్యాను కూడా ఆపేసిన ఉక్కలో, ఒక్కో స్వరం విడివిడిగా ఊదాడు. జమాలు వెనక నిలబడి ఒక్కోదానికీ వీపు తట్టాడు. ఆఖర్ది పంచమం. అది ఎంత పొడుగు దొరికితే అంత మంచిదని జమాలుకి ఆశ పుట్టింది. మిషను దగ్గరే కూర్చుండిపోయాడు. తట్టలేదు.

మౌలాలీ ఊదుతానే ఉన్నాడు. మెడ నరాలు తాళ్లయినయి. మూసిన కళ్లలోంచి నీళ్లు కారినయి. చివరికి స్వరం దానంతటదే తెగి, దగ్గు తెరలో ఆయన గోతాల మీదకి ఒరిగిపోయాడు. చానాసేపటికి తేరుకుని, మూతి తుడుచుకుంటా అడిగాడు.

"తట్టలేదేందిరా?"

"మర్చిపోయా మామా."

"ఇంకోసారి ఊదుతా. తట్టి ఆపు. అట్టా వదిలెయ్యగూడదు."

ఇంతలో కరెంటు పోయింది. తర్వాత చూద్దాంలే మామా అని రిక్షా ఎక్కించి పంపించేశారు. ఆ తర్వాత అనేది రాలేదు. రంజాను ముందు మౌలాలీ నిద్రలోనే పోయాడు. ఉబ్బసం గదా అన్నారు. మట్టి చేసొచ్చిన మర్నాడు జమాలు గదికొచ్చి, ఆ పంచమంలో చివర తెగినచోటు, దగ్గు, అంతా కోసి పారేశాడు. మిగిలిన నిండు స్వరాన్ని తలా తోకా కలిపి ముడేశాడు. ఇప్పుడు మెట్టు ఎంతసేపు నొక్కితే అంతసేపు మోగుద్ది. తెగదు.

ఇంక కంపెనీ ఆయన వచ్చే రోజు.

గుంటూరు నుంచి మధ్యాన్నం మాచర్ల ప్యాసింజరులో దిగుతాడని కబురొచ్చింది. త్రికోటేశ్వరరావు తెల్లచొక్కా తొడుక్కుని స్టేషనుకి బయల్దేరాడు. పోతా పోతా, ఈలోపు చెయ్యి తిప్పుకుంటా ఉండమన్నాడు. పక్క సందు పిల్లకాయలు మాటిమాటికీ తలుపు తీసి తొంగిచూస్తన్నారని జమాలే, బయట తాళం వేసుకుపో అన్నా, వచ్చేటప్పుడు తీద్దువుగాని అన్నాడు.

తాళం పడింది. గోతాలు అతుక్కున్న తలుపు మెత్తగా మూసుకుంది. బయట లోకం చెవిలోంచి జారిపోయింది.

జమాలుకి ఆ నిశ్శబ్దం అలవాటే. సొంత గుటక సొంత చెవికి వినపడే నిశ్శబ్దం. బల్బు వెలుగులో కీబోర్డు ముందు కూర్చుని, పెళ్లి నడక వాయించాడు. ఒళ్లు పులకరించింది. కళ్లు మూసుకుంటే ఎదురుగా మౌలాలీ మామే. ఆ నాలిక తగలటం, స్వరం చివర చిన్న వణుకు. ఇంక నౌకరీ వచ్చినట్టే అనుకున్నాడు. చివర గడప దగ్గరికొచ్చి పంచమం నొక్కి పట్టాడు. నిండుగా, నూనె ధారలాగా మోగింది. వేలు తీశాడు. ఆగింది.

ఇంకోసారి నొక్కాడు.

ఏదో తేడాగా ఉంది. మళ్లీ నొక్కి చెవి పెట్టాడు. అవును, ఇందాకటి స్వరం కాదు. మొదట్లో పెదం ఎండినట్టు సన్నని గీర.

ముందు సంతోషమేసింది. మిషను చెయ్యలేనిది ఇది చేస్తంది. నొక్కిన ప్రతిసారీ వేరే. స్పీకరు వదులైందేమో, వైరేమో, ఏదైతే ఏం, కంపెనీ ఆయన కాళ్ల మీద పడతాడు అనుకున్నాడు. మళ్లీ నొక్కాడు. ఈసారి గొట్టంలో ఉమ్మి బుడగలు. మళ్లీ. ఈసారి మొదలవటమే ఆలస్యమైంది... ఎవరో బలవంతంగా మూతికి ఆనించినట్టు. మళ్లీ నొక్కాడు. వణుకు.

అప్పుడు తెలిసింది వాడికి. స్వరం మారటం కాదు.

అలిసిపోతంది.

వేలు గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

స్వరం ఆగలేదు.

మెట్టు పైకి లేచే ఉంది. వేలు ఒళ్లో ఉంది. పంచమం మోగుతానే ఉంది. జమాలు స్పీకర్ల మీట నొక్కాడు. కీబోర్డు మీట నొక్కాడు. గోడకున్న ప్లగ్గు పట్టుకుని పీకేశాడు. మిషను మీది ఎర్రదీపం ఆరింది.

మోగుతానే ఉంది.

అదే సమయానికి ఊరంతా కరెంటు పోయిందో, ఈ గదికే పోయిందో, బల్బు ఆరిపోయింది.

కిటికీ లేని గదిలో పట్టపగలు ఎంత చీకటి ఉంటదో వాడికి అప్పటిదాకా తెలియదు. కళ్లు మూసినా తెరిచినా ఒకటే. ఆ చీకట్లో స్వరం ఎక్కడినుంచి వస్తందో మాత్రం తేటగా తెలుస్తంది. స్పీకర్లు ఎడమ పక్కన ఉన్నయి. అక్కడినుంచి కాదు. గది మధ్యలోంచి. మైకు నిలబెట్టిన చోటునుంచి. మనిషి మూతి ఎత్తునుంచి.

చింతపండు పులుపు, ఇత్తడి చిలుము కలిసిన వాసన ముక్కుకి తగిలింది. దాని వెనకే చెమటకి తడిసిన బ్యాండు కోటు వాసన.

గోడ పట్టుకుని తలుపు దగ్గరికి పోయాడు. పిడికిళ్లతో గుద్దాడు. పత్తి మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. తలుపు గొళ్లెం కూడా మోగలేదు. అన్నా అని అరిచాడు. అరుపు మూతి దాటి గోతాల్లో ఇంకిపోయింది. ఆ చెవులతో ఊరంతా వినేవాడు, ఊళ్లో ఒక్కడికి కూడా తను వినపడడు. పిల్లకాయలు తొంగిచూస్తే బాగుండు. తాళం వెయ్యమన్నది తనే.

తలుపు మీది గోతాన్ని మేకు ఊడేట్టు లాగాడు. పాత తలుపు చెక్క చేతికి తగిలింది. దాన్ని కొడదామని గట్టిగా ఊపిరి లాగబోయాడు.

రాలేదు.

నోరు తెరిచాడు. పక్కటెముకలు ఎగదన్నేట్టు లాగాడు. గాలి బయటికి పోతంది. సన్నగా, ఎడతెగకుండా, పెదాల మధ్యనుంచి. లోపలికి మాత్రం రావట్లేదు. వెనక మోగే పంచమం ఎంత పొడుగో, తన ఊపిరి అంత పొడుగుగా బయటికి కారిపోతంది. చెవుల్లో రక్తం కొట్టుకుంటంది. చీకట్లో ఎర్రచుక్కలు...

ఆ ఎర్రచుక్కల మధ్య వాడికి అర్థమైంది. ముడేసింది తను. చివర కోసేసింది తను. ఆ మనిషి ఇంతకాలంగా ఆ నిండు ఊపిరి పట్టుకుని, కళ్లు మూసుకుని, వెనకనుంచి చెయ్యి పడేదాకా ఆపకుండా...

"మామా," అనబోయాడు. పెదాలు కదిలినయి. మాటకి గాలి లేదు.

చేతులు ముందుకి చాచి నడిచాడు. కుర్చీ తగిలి పడింది, చప్పుడు కాలేదు. ఇంకో అడుగు. ఇంకోటి. స్వరం పెద్దదవుతంది. అది చెవితో వినేది కాదు ఇప్పుడు, పళ్లలో వినపడుతంది. వేళ్లకి ఏదో తగిలింది.

గుడ్డ. మందంగా. తడిగా.

దాని కింద ఎముకలు. ఒక్కో పక్కటెముకా వేరువేరుగా. బిగుసుకుని, సన్నగా అదురుతా.

చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. తడితే స్వరం ఆగుద్ది. ఆగినాక, ఊదినవాడు ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ట్రంపెట్టు దించి, ఎవరు తట్టారా అని వెనక్కి తిరుగుతాడు.

ఇంక పోయేందుకు ఒంట్లో గాలి లేదు.

తట్టాడు.

స్వరం ఆగింది.

ఏమీ లేదు. గదిలో ఏమీ లేదు. కాసేపు.

ఆ తర్వాత ఊపిరి లాగిన చప్పుడు. పెదవి మూలనుంచి సర్రున మొదలై... పెద్దదై... ఇంకా లాగుతా... గోడల మీది గోతాలు గరగరమని ముందుకి వంగినయి. జమాలు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇంకా లాగుతానే ఉంది. ఒక మనిషి రొమ్ములో పట్టేది కాదు అది.

చెవికి చల్లగా, అంత దగ్గరగా, మామ గొంతు...

"ఇంక నువ్వు పట్టు."

తలుపు తెరుచుకుంది.

వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. జమాలు నేల మీద మోకాళ్లమీదున్నాడు. గడపలో త్రికోటేశ్వరరావు, పక్కనే కళ్లజోడు పెట్టుకున్న బట్టతల ఆయన. ఇద్దరి మొహాలూ వెలిగిపోతన్నయి.

గది మధ్యలో మైకు స్టాండు తప్ప ఏమీ లేదు. ప్లగ్గు నేల మీదే పడుంది.

సందు మొగనుంచీ వింటన్నాం గదయ్యా అన్నాడు బట్టతల ఆయన. మిషను అని ఈయన చెప్తే నేను నమ్మలా, లోపల ఎవరినో దాచిపెట్టారనుకున్నా. సోమవారం నుంచే మొదలుపెడదాం, ఈ అబ్బాయే వాయించాలి, ఇంకెవరూ వద్దు. త్రికోటేశ్వరరావు జమాలు భుజాలు పట్టి లేపి, ఇంక డ్రమ్ము ఎవరికన్నా ఇచ్చెయ్యరా, నీ ఎర్రకోటు పీడ విరగడైంది అన్నాడు.

సందు మొగకి ఎట్టా వినపడింది అని జమాలు అడగలేదు. తలూపాడు. ఊపిరి లోపలికి పోతంది, బయటికి వస్తంది. అదే చాలనుకున్నాడు. ఇంటికిపోయొస్తానని సైగచేసి బయటపడ్డాడు.

సాయంత్రం ఎండ పత్తి కొట్ల మీద పచ్చగా పడుతంది. మనుషులు, రిక్షాలు, ఆవులు, దుమ్ము. అంత దుమ్ముని అంత ఇష్టంగా వాడెప్పుడూ పీల్చలేదు. టీకొట్టు దగ్గర ఆగి ఒక టీ చెప్పాడు. టీకొట్టు హనుమయ్య చెంచాతో గ్లాసులో చక్కెర కలిపాడు. టింగుమంది. ఇంకో గ్లాసులో కలిపాడు. టింగుమంది.

జమాలు టీ తాగటం ఆపాడు.

రెండు గ్లాసులు. ఒకటి నిండుది, ఒకటి సగం. రెండూ ఒకటే చప్పుడు. దగ్గరగా ఉండటం కాదు. అదే. వెంట్రుకవాసి తేడా లేదు. హనుమయ్య మూడో గ్లాసు కలిపాడు. అదే.

రిక్షా ఒకటి బెల్లు కొట్టుకుంటా పోయింది. దాని వెనక ఇంకోటి. అదే బెల్లు. కొట్టు అరుగు మీద ఇద్దరు ముసలాళ్లు ఏదో అనుకుని నవ్వారు. ఇద్దరిదీ ఒకటే నవ్వు.

టీ అక్కడే పెట్టి నడిచాడు. తర్వాత పరిగెత్తాడు. చెవులు మూసుకుందామనుకున్నాడు గానీ మూసుకోలేదు. ఎక్కడో ఒకచోట తేడా వస్తది, వచ్చి తీరుద్ది, ఒక్కటి వస్తే చాలు.

వాళ్ల సందు తిరిగేసరికి అమ్మ గొంతు వినపడింది. మాబున్నీసా గడప మీద చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లేరుతా, సందు చివరికి చూస్తా పిలుస్తంది.

"ఒరేయ్ జమాలూ, ఏందిరా ఇంత ఆలిస్యం, అన్నం చల్లారిపోయింది."

'అన్నం' దగ్గర గొంతు కొంచెం జీరబోయింది. పొద్దున పొయ్యి పొగకి దగ్గిందిగా, దానివల్ల. వాడి ప్రాణం లేచొచ్చింది. అమ్మ గొంతే. మనిషి గొంతే.

"ఒరేయ్ జమాలూ, ఏందిరా ఇంత ఆలిస్యం, అన్నం చల్లారిపోయింది."

'అన్నం' దగ్గర గొంతు కొంచెం జీరబోయింది.

జమాలు పోయి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. నీడ ఆమె చేట మీద పడింది. మోకాళ్ల మీద కూర్చుని ఆమె మొహంలోకి చూశాడు. ఇంత దగ్గరగా. ఒక్క అక్షరం తప్పు పలుకమ్మా అని మనసులో మొక్కుకుంటా చూశాడు. వీపు తట్టి దీన్ని ఆపేందుకు వెనక ఎవరూ లేరు.

మాబున్నీసా వాడి తల పక్కనుంచి సందు చివరికి చూస్తా, మళ్లీ పిలిచింది.